వాకిట్లో బామ్మ

"నా వల్ల కాదు నాన్నా. ఇంకెవరినైనా పిలుద్దాం," అంది కూతురు.

ఆపరేషన్ గదిలో ముగ్గురే ఉన్నారు: మత్తు డాక్టరు, ఆయన కూతురు, సెలైన్ గొట్టం సరిచేస్తున్న నర్సు. చేతులు కడుక్కుంటున్న సర్జను అప్పటికే రెండుసార్లు తొంగిచూశాడు. అపెండిక్స్ బాగా వాచింది. సాయంత్రం దాకా ఆగితే లోపలే పగలొచ్చు. ఆ ఆస్పత్రికి వచ్చే ఇంకో మత్తు డాక్టరు సెలవు మీద ఊరు దాటాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది.

సొంతవాళ్ళకు సొంతవాళ్ళు మత్తు ఇవ్వకూడదని అందరికీ చెప్పేది ఆయనే. ఇవాళ ఆ మాట గట్టున పెట్టాడు.

పొద్దుటి నుంచి ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అది వట్టి భయమని ఆయన తేల్చేశాడు. ఇన్నేళ్ళు చదివినదానివి, బడికి కొత్తగా వచ్చిన పిల్లలా వణుకుతావేంటని చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

ముప్ఫై ఏళ్ళుగా బల్ల ఎక్కిన ప్రతివాళ్ళకూ చెప్పే కథే మళ్ళీ అందుకున్నాడు. తల మధ్యలో థాలమస్ ఉంటుంది. అది వాకిట్లో కూర్చున్న బామ్మ. ఒంట్లో ఎక్కడ ఏం జరిగినా కబురు ముందు ఆవిడకే. నుదుటి వెనక ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే పెద్దాయన ఉంటాడు. బామ్మ మోసుకొచ్చిన కబుర్లు విని ఏం చెయ్యాలో తేల్చేది ఆయన. మత్తు ఎక్కగానే ఇద్దరూ కలిసి కూనిరాగం మొదలుపెడతారు. సెకనుకు పదిసార్లు అదే పల్లవి. రాగం సాగుతుంది, కబురు ఆగుతుంది.

"కత్తి పడిందన్న సంగతి బామ్మ దాకా వచ్చినా పెద్దాయనకు చేరదు. చేరనప్పుడు ఇంక నొప్పి ఎవరికి?"

"ఈ బామ్మ సంగతి నాకు ఐదో ఏటి నుంచీ తెలుసులే. తర్వాత ఆవిడ మళ్ళీ నోరు విప్పకపోతేనో?"

"నోరు విప్పని బామ్మని ఎక్కడైనా చూశావా తల్లీ?"

నర్సు అటు తిరిగి నవ్వుకుంది. ఆయన ఇంకేదో అనబోయి ఆగి, పళ్ళు బిగించి, నుదుటి చెమట తుడుచుకున్నాడు. అది కూతురి కంట పడింది.

"నీకూ భయంగానే ఉంది కదా?"

"ఉంది. బయట కూర్చున్న మీ అమ్మంటే. ఇంకో పది నిమిషాలు ఇలాగే నానబెట్టామంటే లోపలికొచ్చి, మత్తు లేకుండా మనిద్దరికీ ఆపరేషన్ చేసేస్తుంది."

కూతురు ఫక్కున నవ్వింది. ఊపిరి గట్టిగా పీల్చి వదిలి, సరే కానిద్దామంది.

నర్సు సిరంజి అందించింది. తెల్లటి మందు సెలైన్ గొట్టంలోకి దిగింది.

"వంద నుంచి వెనక్కి," అంటూ ఆయనే పైకి లెక్క మొదలుపెట్టాడు. ఆమె కూడా ఆయనతో పాటే పెదవులు కదిపింది.

తొంభై ఆరు దగ్గర, కూతురి చేతిలో సిరంజి ఖాళీ అయ్యేలోపే, బల్ల మీది తండ్రి నిద్రపోయాడు.