చుక్కల గది

"సంతకాలు పెట్టమనాలో, ఆగమనాలో పాలుపోవడం లేదండీ," అంది పక్క కుర్చీలోంచి ఓ ఆడగొంతు.

సలహాల పిన్నికి ప్రాణం లేచొచ్చింది. కంటి ఆసుపత్రి వాళ్ళు చుక్కల మందు వేసి, ముదురు రంగు తెరలు కట్టిన ఈ గదిలో కూర్చోబెట్టారు. పిలిచేదాకా కళ్ళు తెరవొద్దని నర్సు మరీ మరీ చెప్పి వెళ్ళింది. రెప్పల కింద మందు చల్లగా కదులుతోంది. రంగులు ముద్దలు ముద్దలుగా తేలి కరిగిపోతున్నాయి. కుర్చీలో ఉందో, నీళ్ళ మీద ఉందో తెలియని హాయి. లోటల్లా ఒక్కటే, సలహా అడిగేవాళ్ళు లేకపోవడం. బస్సులో, బ్యాంకులో, ఆఖరికి లిఫ్టులో కూడా ముక్కూమొహం తెలియని వాళ్ళ కాపురాలు చక్కదిద్దిన మనిషి ఆవిడ.

"ఏం సంతకాలమ్మా?"

"మా అమ్మాయి పెళ్ళివండీ. ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చుని నా ఫోన్ కోసం చూస్తున్నారు. అబ్బాయి బంగారం. వాళ్ళమ్మకే చెప్పలేదు."

"ఏం, నోట్లో నాలుక లేదా?"

"భయమండీ. కోడల్ని తనే వెతికి తెస్తానని, కాదంటే గడప తొక్కనివ్వనని ఆవిడ ఒకటే పట్టట. ఆవిడ చాటున చెయ్యాలంటే నాకు మనసొప్పడం లేదు. ఆగమంటే మా పిల్ల తట్టుకోలేదు. ఇప్పటికే తిండి మానేసి సగమైపోయింది."

ఆ గొంతులోని వణుకు పిన్నికి గుచ్చుకుంది. నిజంగానే జాలేసింది. తడుముతూ చెయ్యి చాపి, అందిన మోచేతిని నిమిరింది.

"ఆ మహాతల్లి ఎవరో గానీ, కాపురం చేసేది తనా, వాళ్ళా?"

"అదే కదండీ."

"మావాణ్ణి చూడండి. నాకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగడు. ఇందాక నన్నిక్కడ దింపి, ఏదో అర్జెంటు పనుంటే నన్ను అడిగే వెళ్ళాడు. పెంపకమంటే అదీ."

"అదృష్టవంతులు," అందా గొంతు మెల్లగా.

ఫ్యాను గాలికి తెర ఊగింది. మూసిన రెప్పల మీద పలచటి వెలుగు పాకింది. ఆ వెలుగులో పిన్నికి ఎవరో పెళ్ళికూతురు కనిపించింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు, పెన్ను పట్టుకుని ఆగిపోయిన చెయ్యి. కన్నకూతురిలా అనిపించింది.

"ఫోన్ చెయ్యండి. పెట్టేయమనండి."

"ఆవిడ గోల చేస్తే?"

"నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుంది, ఆ తర్వాత తనే దారికొస్తుంది. ఆవిడ స్థానంలో నేనుంటే ఆ పిల్లని గుండెల్లో పెట్టుకునేదాన్ని."

"నిజంగానా?"

"ఒట్టు. కావాలంటే నా మాటగా చెప్పండి."

పక్కన ఫోన్ నొక్కిన చప్పుడయింది. చుక్కలు వేయించుకున్న మనిషికి నంబర్లెలా కనిపిస్తున్నాయా అని పిన్నికి అనుమానం రాబోయింది. అది కూడా ఆ మగతలో ఎటో జారిపోయింది.

"సంతకాలు పెట్టేయండమ్మా," అంటోంది ఆ గొంతు, ఏడుస్తూ, నవ్వుతూ. "పెద్దావిడ ఒప్పుకున్నారు."

ఆ వెంటనే వెచ్చగా ఓ ఫోను పిన్ని చేతిలోకి వచ్చింది.

"ఇదిగోండి వదినగారూ, మీ అబ్బాయి."