ఒకే ఇంటిపేరు

తలుపు తట్టకుండానే ఇద్దరు వంటింట్లోకి వచ్చేశారు.

ఇంగర్ చేతిలోని కేకు పళ్ళెం జారబోయి ఆగింది.

నెరిసిన జుట్టును వెనక్కి ముడేసుకున్న మనిషి ఐవిన్. రబ్బరు బూట్ల ఆవిడ అతని తోడు మెరెటె. ఇరవై ఏళ్ళ క్రితం ఇంగర్, ఆమె భర్త టార్కిల్ వీళ్ళతో ఒకే కప్పు కింద బతికారు. అక్కడ ఏ తలుపుకీ గడియ ఉండేది కాదు.

ఐవిన్ నేరుగా ఫ్రిజ్ తెరిచి ఊరబెట్టిన చేపల సీసా తీశాడు.

"ఒరేయ్ టార్కిల్, మెడకి ఆ తాడేంట్రా? ఎవరు కట్టారు?" అన్నాడు, టై చూసి.

టార్కిల్ నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

రంగురంగుల పాత వ్యాను వాకిట్లో ఉంది. దాన్ని కంచె వెనక పెట్టమని ఇంగర్ అడిగింది. ఐవిన్ మారుమాట్లాడకుండా వెళ్ళి పెట్టి వచ్చాడు.

"బండిని దాచాం. మమ్మల్ని ఎక్కడ దాస్తావు తల్లీ, అటక మీదా?" అంది మెరెటె.

ఇంగర్ సంగతి చెప్పింది. మూడింటికి స్కూలు బోర్డు అధ్యక్షుడు కాఫీకి వస్తున్నాడు. మంగళవారం బోర్డు కూర్చుంటుంది. టార్కిల్ హెడ్మాస్టరు అవుతాడో లేదో ఆ రోజు తేలిపోతుంది. తమ పాత బతుకు గురించి ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ముఖ్యంగా ఆ ఇంటిపేరు.

ఆ రోజుల్లో ఆ ఇంట్లోని పద్దెనిమిది మందీ తమ తండ్రుల ఇంటిపేర్లు వదిలేసి, సోల్‌హావ్ అని పెట్టుకున్నారు. ప్రభుత్వ కాగితాల్లోనూ మార్పించుకున్నారు. బట్టల మీద, సంచుల మీద అదే కుట్టుకున్నారు. ఏదీ ఎవరి సొంతమూ కాదు కాబట్టి సొంత పేరు ఎవరూ రాసుకునేవారు కాదు.

తర్వాత ఒక రైతు గడ్డి కొట్టం కాలిపోయింది. ఐవిన్ జైలుకు వెళ్ళాడు. అప్పుడు పురిటికి పుట్టింట్లో ఉన్న ఇంగర్ ఆ కబురు విని, మళ్ళీ ఆ గుంపులో అడుగు పెట్టనంది. టార్కిల్ జుట్టు కత్తిరించుకున్నాడు. తండ్రి ఇంటిపేరు తిరిగి తెచ్చుకుని బడిపంతులయ్యాడు.

ఐవిన్ అంతా విని తలూపాడు. ఆరింటికి నార్వే ఓడ ఎక్కుతున్నామని, ఇక తిరిగి రావడం ఉండదని, ఓసారి చూసి పోదామనే వచ్చామని చెప్పాడు.

ఇంగర్ గడియారం చూసింది. పావు తక్కువ మూడు.

అప్పుడే గంట మోగింది.

అధ్యక్షుడు ఆక్సెల్ బ్రోగోర్ పావుగంట ముందే వచ్చాడు. పొడుగాటి మనిషి. కోటు తగిలిస్తూనే వంటింట్లో ఉన్న ఇద్దర్నీ చూశాడు.

"దారిన పోతూ నీళ్ళకి ఆగారు," అంది ఇంగర్ గబగబా.

నీళ్ళకి ఆగినవాళ్ళైనా సరే, ఒకే గదిలో ఉన్నాక చేయి కలిపి పూర్తి పేరు చెప్పుకోవాలి. అక్కడి మర్యాద అది. బ్రోగోర్ చేయి చాచాడు.

ఐవిన్ అలవాటుగా అందుకున్నాడు. "ఐవిన్ సోల్‌హావ్."

బ్రోగోర్ ఆ చేయి వదల్లేదు.

"ఆక్సెల్ బ్రోగోర్," అన్నాడు మెల్లగా. "ఈ పేరు ఎప్పుడైనా విన్నావా?"

ఐవిన్ అతని కళ్ళలోకే చూశాడు.

"మా కొట్టం గుమ్మంలో ఒక సంచి దొరికింది. దాని మీద నీ ఇంటిపేరే ఉంది. పదకొండు ఆవులు మాడిపోయాయి. మా నాన్న పొలం అమ్మేసి ఇటొచ్చాడు, మళ్ళీ ఒక్క పశువునీ పెంచలేదు. నేనప్పుడు సైన్యంలో ఉన్నా. కోర్టులో ఆ నిప్పు పెట్టినవాడి మొహం చూడలేకపోయానని ఇన్నాళ్ళూ అనుకుంటున్నా. ఆ పేరు చాలామందికి ఉండేదట. వాళ్ళలో నువ్వెవరివి?"

"జైలుకెళ్ళినవాణ్ణి," అన్నాడు ఐవిన్.

"ఐవిన్, ఇక చాలు. ఇప్పుడైనా..." అంది మెరెటె.

ఐవిన్ ఆమె మణికట్టు మీద చేయి వేశాడు. ఆమె పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది.

బ్రోగోర్ టార్కిల్ వైపు చూశాడు.

"ఇతను మీకు తెలుసా?"

టార్కిల్ బల్ల మీద ఖాళీ కప్పుల్ని చూస్తూ ఉండిపోయాడు.

"తెలీదండీ. నీళ్ళకి వచ్చారు," అన్నాడు చివరికి.

ఐవిన్ మెడలోని కండువా సర్దుకున్నాడు.

"తాగాం. వెళ్తాం," అన్నాడు.

కంచె వెనక వ్యాను రెండుసార్లు దగ్గి కదిలింది.

బ్రోగోర్ కాఫీ తాగాడు గానీ కేకు ముట్టలేదు. బయల్దేరేటప్పుడు టార్కిల్ భుజం తట్టి, మంగళవారం గురించి బెంగ పెట్టుకోవద్దన్నాడు. అలాంటివాళ్ళని గడప తొక్కనివ్వకండి అని కూడా చెప్పాడు.

తలుపు మూసి ఇంగర్ కుర్చీలో కూలబడింది.

"పీడ విరగడైంది. నోరులేని పశువుల్ని కాల్చి, ఆ ఇంటి కొడుకు కళ్ళలోకి ఎలా చూడగలిగాడో. కాస్తయినా సిగ్గుండాలి."

టార్కిల్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. రోడ్డు ఖాళీగా ఉంది. ఓడ బయల్దేరే ఆరు దాటేదాకా అక్కడే ఉన్నాడు.

"ఆ సంచి నాది ఇంగర్," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"మన పాప పుట్టిందని నువ్వు ఫోన్ చేసిన రోజు తాగేసి, సిగరెట్ ఆర్పకుండా ఆ గడ్డిలో నిద్రపోయాను, పోలీసులు వచ్చి ఈ సంచి ఎవరిదని అడిగితే, ‘నీకు కూతురు పుట్టిందిరా, నువ్వు ఇంటికెళ్ళు’ అని నా చెవిలో చెప్పి, ఐవిన్ వాళ్ళ జీపు ఎక్కాడు."