గా మనిషి కనబడొద్దు

"ఒక్కటి గుడ ఇడువకుండ కంప్యూటర్ల ఎక్కియ్యి. ఎక్కిచ్చినంక కొత్త డిస్కులు కొట్టియ్యి" అంటూ భీమవ్వ సంచీని బల్ల మీద బోర్లించింది.

బోధన్ బస్టాండు వెనక దేవిదాస్‌ది వీడియో మిక్సింగ్ దుకాణం. పెళ్లిళ్ల సీజను కాదు కాబట్టి ఈగలు తోలుకుంటున్నాడు. డిస్కులు వెలుతురుకు పెట్టి చూశాడు. అన్నీ ఇంట్లో కెమెరాతో తీసుకున్నవే. నిండా గీతలు.

"మంచిగ తెచ్చినవక్కా. ఇంకిన్ని దినాలైతే ఇవి నడువవు. కంప్యూటర్ల ఉంటే భద్రం."

"భద్రం సంగతి తర్వాత. గా మనిషి మొకం ఏడ గుడ కనబడొద్దు."

తెర మీద మొదటి డిస్కు ఆడుతోంది. భీమవ్వ వేలు పెట్టి చూపించింది. దేవిదాస్ తెర వైపు చూశాడు. భీమవ్వ వైపు చూశాడు.

"గామెనా?"

"గామెనే. తెలుగుల చెప్తే తెలుస్తలేదా, మరాఠీల చెప్పాల్నా నీకు?"

దేవిదాస్ మౌసు అందుకున్నాడు. భీమవ్వ ఇంటి రచ్చ బోధన్ దాకా పాకిందే. ఎడపల్లి ఊరి లింబాద్రి, కట్టుకున్న భీమవ్వ ఇంట్లో ఉండగానే, వాడకట్టులోని ముత్తవ్వను తెచ్చిపెట్టుకున్నాడు. ముత్తవ్వ కొత్త మనిషేం కాదు. పండగకనీ పబ్బానికనీ, చేదోడు వాదోడనీ ఏళ్ల తరబడి ఆ ఇంట్లో తిరిగినదే. పక్కలో బల్లెమంటే అదీ! పంచాయితీ అయింది. భీమవ్వ తన ట్రంకుపెట్టె తీసుకుని తమ్ముడింటికి చేరింది. తెరిచి చూస్తే బట్టల అడుగున ఈ డిస్కులున్నాయి.

అప్పటినుంచి లింబాద్రి కబురు మీద కబురు. పోయిన తల్లి బొమ్మ వాటిలోనే ఉందట. దీపావళికి చుట్టాలను పిలిచి కొత్త టీవీలో చూపించుకోవాలట. పెద్దమనుషులు కూడా ఇచ్చెయ్యమన్నారు. ఇస్తాను, ఎందుకివ్వను, అనుకుంది భీమవ్వ. కళ్లల్లో కారం కొట్టినట్టు ఇస్తాను.

"ఒక్కతే ఉన్న కాడ కోసేస్త" అన్నాడు దేవిదాస్. "నలుగురిల ఉన్న కాడ బొమ్మను పెద్దగ చేసి, గామెను అంచు అవతలికి తోస్త. కని అక్కా, అసలువన్న దాచిపెట్టు."

"నువ్వు కొయ్యి. అసలువాటి సంగతి నేను సూస్త."

పని మొదలైంది. ఆ మనిషి లేని చోటంటూ లేదు. తొట్టెల పండగలో భోజనాల బంతికి వడ్డిస్తోంది. చెరుకు నరికే కూలీలకు అంబలి పోస్తోంది. బతుకమ్మ పేరుస్తోంది. ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"ఏం మురుస్తున్నదో సూడు, తెలివిలేని ముండ!" భీమవ్వ పళ్లు కొరికింది. "ఇల్లంత తనదే అనుకుంటున్నది. తియ్."

దేవిదాస్ తీశాడు.

ఒకచోట ముసలత్త మంచంలో ఉంది. ఆ మనిషి పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. ముసలమ్మ చెయ్యెత్తి ఆమె చెంప నిమిరింది. దేవిదాస్ చెయ్యి ఆగిపోయింది.

"ఇదన్న ఉంచుదమక్కా. ముసలామె పాణమంత గీమె మీదనే ఉన్నట్టున్నది."

ఆ ఇంట్లో భీమవ్వ తన మనిషని చెప్పుకోదగ్గది అత్త ఒక్కతే. ఆ ముసలిదే బతికుంటే లింబాద్రికి ఇంత ధైర్యం వచ్చేదా? కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మనసు మెత్తబడుతుందేమోనని భయం వేసింది. మెత్తబడి మెత్తబడే కదా ఇంత దాకా వచ్చింది!

"అత్తను ఉంచు. దాన్ని తియ్."

ముసలమ్మ మొహం ఒక్కటే తెర నిండా మిగిలింది.

కొత్త డిస్కులు తయారయ్యాయి. భీమవ్వ పాతవాటిని మోకాలికి ఆన్చి పుటుక్కు పుటుక్కున విరిచింది.

"కంప్యూటర్లయి గుడ తుడిచెయ్."

"అక్కా, నా మాటిను. మల్ల ఏడ్చినా రావు."

"ఏడ్చుడు అయిపోయిందిరా తమ్మీ. ఇగ ఏడ్సేటోళ్లు ఏడుస్తరు. తుడువు."

తుడిచేశాడు. ఆమె ముక్కలన్నీ ఏరి సంచీలో వేసుకుని, కొత్త డిస్కులు చంకలో పెట్టుకుని, ఎడపల్లి బస్సెక్కి స్వయంగా పెద్దమనుషుల చేతుల్లో పెట్టి వచ్చింది. బుద్ధిమంతురాలని వాళ్లు మెచ్చుకున్నారు కూడా.

దీపావళి నాడు లింబాద్రి చుట్టాలందరినీ కొత్త టీవీ ముందు కూర్చోబెట్టాడు. కాలు మీద కాలు వేసుకుని, గృహప్రవేశం డిస్కు పెట్టాడు. సత్యనారాయణ వ్రతం మొదలైంది. వెనకాల హారతి పళ్లెం పట్టుకుని ముత్తవ్వ నిక్షేపంగా నిలబడి ఉంది.

దంపతుల పీటల మీద మాత్రం లింబాద్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు; పక్క పీట తెర అంచు అవతలికి పోయింది. "భీమవ్వ నా ఇంట్ల ఉన్నా లేనట్టే" అని పంచాయితీలో అన్న మొగుడి మాటను, భీమవ్వ అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టింది.