పొలిమేర బావి గుండు

కొండప్ప చేతుల్లోంచి గుండు మళ్లీ జారింది. మోకాళ్ల దాకా లేచి దబ్బుమని ఇసుకలో పడింది.

"ఊపిరి బిగబట్టల్లని ఎన్నిసార్లు చెప్పల్ల రా? బువ్వ లేకున్నా ఊపిరన్నా ఉండాది గదా నీకు!" అని అరిచాడు వస్తాదు బయ్యన్న.

పదిహేడేళ్ల కొండప్ప తల దించుకున్నాడు. గంజి కేంద్రంలో పోసే రెండు గరిటెల గంజితో పది మణుగుల రాయి ఎలా లేస్తుంది? ఆ సంగతి బయ్యన్నకు తెలియదా? తెలుసు. అయినా తిట్టాడు. తిట్టడం తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేదు.

అది యాభై రెండో సంవత్సరం వేసవి. యాడికి అనే ఊరి చుట్టుపక్కల వరుసగా మూడో ఏడు కరువు. నల్లగట్టుపల్లికీ ఎర్రదిన్నెకూ నడుమ పొలిమేర బావి ఒక్కటే మిగిలింది. దాని ఊట ఒక ఊరికే చాలుతుంది. తాతల కాలంలో రెండు ఊళ్లూ కలిసి తోడుకుంటే పదో రోజుకు బురద తేలింది. తర్వాత తలలు పగిలాయి. అప్పుడు పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. బావి అడుగంటిన ఏడు, గట్టు మీది గుండును ఊరికొకడు ఎత్తాలి. మూడు అవకాశాలు. గుండును భుజం మీంచి వెనక్కి వేసినవాడి ఊరికే వానలు పడేదాకా బావి. ఓడిన ఊరివాళ్లకు చెంబెడు నీళ్లు కూడా పోయకూడదు. వాళ్లు మూటాముల్లె సర్దుకుని వలసపోవాల్సిందే.

పదహారేళ్ల కిందట నల్లగట్టుపల్లి తరఫున ఆ గుండును ఎత్తింది బయ్యన్నే. అప్పుడు ముప్పై ఏళ్లవాడు. ఇప్పుడు ఆయనకు నలభై ఆరు, ఆయన నడుముకు మాత్రం అరవై దాటాయి. ఒకసారి దిగబడిన బండిని ఎత్తబోయి పట్టేసిన నరం మళ్లీ వదల్లేదు. అప్పటినుంచి గుండు ముట్టడం మానేసి, కసరత్తు చేసే గరిడీలో అదే బరువున్న రాయి పెట్టి పిల్లలకు నేర్పుతున్నాడు.

పందేనికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆయన దగ్గరున్న ముగ్గురు పిల్లల్లో ఒక్కడూ రాయిని రొమ్ము దాకా తేలేదు. బయ్యన్న వాళ్లను తిట్టాడు, బతిమాలాడు, చివరికి చేతులు పట్టుకున్నాడు.

"మీలో ఎవరో ఒకరు ఎత్తండప్పా. నా చేతికి మాత్రం రానియ్యొద్దండి."

ఐదో రోజు కొండప్ప మణికట్టు బెణికింది. ఆ సాయంత్రం ఊరిపెద్ద రామదాసు గరిడీకి వచ్చాడు. బయ్యన్న మొహంలోకి చూడలేక నేలకేసి చూస్తూ మాట్లాడాడు.

"అన్నా, నిన్ను అడగకూడదు. ఆ మాట నాకూ తెలుసు. నలభై ఇండ్లుండాయి. పసిబిడ్డలుండారు. ఇంగెవర్ని అడగల్ల చెప్పు?"

 మర్నాడు పిల్లలు వచ్చేసరికి బయ్యన్న గోచి బిగించి రాయి ముందు నిలబడి ఉన్నాడు.

మొదటి రోజు రాయి కదల్లేదు. రెండో రోజు మోకాలి దాకా వచ్చింది, ఆయన కుప్పకూలాడు. కొండప్ప కట్టు కట్టిన చేత్తోనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వస్తాదూ, ఊపిరి బిగబట్టల్లని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

బయ్యన్న నవ్వబోయాడు. నడుము నవ్వనివ్వలేదు.

ఇంట్లో భార్య ఆంజినమ్మ రోజూ ఆముదం కాచి ఆయన నడుముకు మర్దన చేసేది. పందేనికి ముందురోజు ఆ చేతులు మధ్యలో ఆగిపోయాయి.

"ఎత్తకుంటే ఏమయితాది?"

"ఊరు ఖాళీ అయితాది."

"ఎత్తితే?"

బయ్యన్న చాపలోకి మొహం దాచుకున్నాడు. ఆమె మళ్లీ మర్దన మొదలుపెట్టింది. ఆముదంతో పాటు కన్నీళ్లూ ఆయన వీపు మీద పడుతున్నాయి.

పందెం రోజు రెండు ఊళ్లూ బావి దగ్గరికి చేరాయి. ఈవలి గట్టు మీద నల్లగట్టుపల్లి, ఆవలి గట్టు మీద ఎర్రదిన్నె. ఎవరూ కేకలు వేయలేదు, ఈలలు వేయలేదు. అది జాతర కాదు.

ఎర్రదిన్నెవాడు పాతికేళ్ల కుర్రాడు. మూడోసారి గుండును రొమ్ము దాకా తెచ్చాడు గానీ చేతులు వణికి వదిలేశాడు. వాడూ గంజి తాగి బతుకుతున్నవాడే.

బయ్యన్న మొదటిసారి మోకాలి దగ్గరే ఆగిపోయాడు. రెండోసారి నడుములో ఏదో కలుక్కుమంది. మోకాళ్ల మీద పడిపోయాడు. కొండప్ప పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"చాలు వస్తాదూ, వదిలెయ్. మనమూ వలసపోదాం. నిన్ను ఎవరూ ఏమనరు."

బయ్యన్న ఆవలి గట్టు వైపు ఒకసారి చూశాడు. తర్వాత కొండప్ప పక్కటెముకల వైపు చూశాడు.

"పక్కకు పో రా," అని వంగాడు.

గుండు మోకాలి మీదికి వచ్చింది. రొమ్ము మీదికి వచ్చింది. అక్కడ చాలాసేపు ఆగింది. బయ్యన్న గొంతులోంచి వచ్చిన అరుపు విని పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు. గుండు భుజం దాటి వెనక దబ్బుమని పడింది.

నల్లగట్టుపల్లి ఒక్కపెట్టున కేక వేసింది. ఆడవాళ్లు కడవలు పట్టుకుని బావి మీదికి ఉరికారు. బయ్యన్న నేల మీద బోర్లా పడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పాపం నడుము విరిగిందేమోనని పిల్లలు ముగ్గురూ ఆయన చుట్టూ మూగారు.

ఆంజినమ్మ మాత్రం మొగుడి వైపు చూడలేదు. తన కడవ అక్కడే పడేసి ఆవలి గట్టు వైపు పరుగెత్తింది.

అక్కడ చంకన పసిబిడ్డతో, ఖాళీ కడవతో వలసదారి పట్టిన ఎర్రదిన్నె కోడళ్లలో అందరికంటే ముందు నడుస్తున్నది ఆంజినమ్మ, బయ్యన్నల ఒక్కగానొక్క కూతురు.