అరువిచ్చిన పళ్లు

నేను శవాల గదికి కాపలా. ఆ రాత్రి పళ్ల డాక్టరు వచ్చి, కాలువలో దొరికిన పుర్రె నోట్లోంచి కట్టుడు పళ్లు తీశాడు. గదికి తాళం వేసి ఇద్దరం వరండాలోకి వచ్చాం. పళ్ల లోపల చెక్కిన నంబరును రికార్డులో వెతికి ఆయన నా మొహంలోకి చూశాడు.

"తాతా, దీని ప్రకారం చచ్చిపోయింది నువ్వే."

"నేను నీ ఎదురుగానే ఉన్నాను కదా బాబూ!"

"నా రికార్డు ఎప్పుడూ తప్పలేదు మరి."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పళ్లు నా బావమరిది రెండో పెళ్లిచూపులకని అడిగి పట్టుకెళ్లాడు. అప్పటినుంచి మనిషి జాడ లేదు. ఇంట్లో ఆవిడకు ఏమని చెప్పను?

వాడికి ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"ఒరేయ్, బతికే ఉన్నావా?"

"ఉన్నాలే బావా! నీ పళ్లు నాకు పట్టలేదు. ఎవరో ముసలాయన బతిమాలితే ఇచ్చేశా. తిడతావని మొహం చాటేశా."

ప్రాణం లేచొచ్చింది. "అయితే నావి నాకిచ్చెయ్యి బాబూ, కడుక్కుంటాను" అని డాక్టరు చేతిలోంచి పళ్లు తీసుకున్నాను.

తాళం వేసిన గదిలోంచి బోసినోటి మాట మెల్లగా వినిపించింది.

"ఆగవయ్యా, నా భోజనం ఇంకా కాలేదు."