పక్క సీటు

2005లో మదనపల్లె బట్టల వ్యాపారి దేవేంద్ర కుప్పంలో ఒక పాత ఫారిన్ కారు కొన్నాడు. ఆ రాత్రే ఒంటరిగా దాన్ని ఇంటికి తోలుకొస్తున్నాడు. పలమనేరు దాటాక పక్కనున్న ఖాళీ మోటారు సీటు, ఎవరూ బటన్ నొక్కకుండానే, సన్నగా గుయ్యిమంటూ, ఎవరో అలిసిపోయి నడుం వాల్చినట్టు వెనక్కి వాలింది.

దేవేంద్ర అదిరిపడ్డాడు. కారు పక్కకు ఆపి మెకానిక్ కృష్ణప్పకు ఫోన్ చేశాడు.

"సీటు దానంతటదే వాలిందన్నా!"

కృష్ణప్ప నవ్వాడు. "పాత బండి కదప్పా, వైరు యాడో తగులుకుంటాండాది. సీటు ఫ్యూజు పీకేసి నిదానంగా రా. పెద్ద బండిని చంటిబిడ్డను సూసుకున్నట్టు సూసుకోవల్ల."

దేవేంద్ర టార్చి వేసి, ఫ్యూజు పీకి, మళ్ళీ బయల్దేరాడు. కాసేపు టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఆ చప్పుడు నడుమ, పక్క సీట్లోంచి నిద్రపోతున్న మనిషి ఊపిరి వినిపించింది. ఎంత అలిసిపోయిన ఊపిరో అది! చిత్రంగా అతనికి భయం తగ్గింది. గుంతలు వస్తే మెల్లగా దాటించాడు. ఏసీ గాలి అటు తగలకుండా తిప్పాడు.

పుంగనూరు దగ్గర, సోమల దారి చీలే చోట, ఫ్యూజు లేని ఆ సీటు గుయ్యిమంటూ నిటారుగా లేచింది.

దేవేంద్ర బ్రేకు నొక్కాడు. రోడ్డు మీద ఒక్క దీపం లేదు.

"ఈడేనా దిగేది?" అని మెల్లగా అడిగాడు.

చేయి చాపి అటువైపు తలుపు తెరిచాడు. చలిగాలి లోపలికి కొడుతున్నా, తలుపును అలాగే పట్టుకుని కూర్చున్నాడు.