చెవి గీసిన చెయ్యి

ఇళ్లలో గోడలే సినిమాలు అల్లి చూపిస్తున్న రోజులివి. ఆ ఆదివారం మాత్రం మనుషులు గీసిన పాత బొమ్మల సినిమా ఒకటి వెయ్యమన్నాను. నేనూ, నా కూతురు మేఖలా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూశాం. అందులో తల్లి ఏనుగు వానలో తడుస్తున్న పిల్లకి తన చెవిని గొడుగులా పట్టి, తను మాత్రం తుమ్ముతుంది. మేఖల పడీపడీ నవ్వింది. నాకు కళ్లు చెమర్చాయి.

"ఎవరు గీశారోగాని, వాళ్ల కడుపు చల్లగుండ," అన్నాను.

"చాలా సంతోషం దమయంతిగారూ," అంది గోడ.

నాకు ఒళ్లు మండింది. "నిన్నెవరన్నారు? గీసినవాళ్ల పేర్లు చూపించు."

"ఎవరూ చూడరని పేర్లు తీసేశామండీ. కావాలంటే ఇప్పుడే వేస్తాను."

గోడ మీద పేర్లు పైకి పాకాయి. మేఖల చప్పట్లు కొట్టింది. "అమ్మా, బొమ్మలు గీసింది నువ్వేనంట."

"మీకు నచ్చుతుందని వేశానండీ," అంది గోడ.

చేతిలో ఉన్న చిక్కుడుకాయలు దాని మొహాన కొట్టాను. "నాకు వాకిట్లో ముగ్గే తిన్నగా రాదు. ఆ చెవి గీసిన మనిషి పేరేది?"

"అది ఇక ఎక్కడా లేదండీ. పోనీ, మీ అమ్మాయి పేరు వెయ్యమంటారా?"